మిగిల్చిన మూల

మా ఇంట్లో రెండు మెడలు, రెండు గడ్డలు. ఒకటి నాది, ఒకటి మా చెల్లెలిది. నా గడ్డను కోసి తీసేశారు. దాని గడ్డను సూదితో లోపల్లోపలే కాల్చారు. ఏది మంచి పద్ధతి అన్న విషయం మీద మేమిద్దరం ఆరేళ్లు పోట్లాడుకున్నాం. "మీ మెడల గొడవ తేలేలోపు నా తల నెరిసిపోయేలా ఉంది" అని మా ఆయన అనేవాడు. నెరిసింది కూడా.

ముందు నా సంగతి చెప్పుకోవాలి, పెద్దదాన్ని కాబట్టి. నేను యూనిఫారాలు కుట్టే షాపు నడుపుతాను. ఇంటి ముందు గదిలో షాపు, వెనక గదుల్లో మేము, మేడ మీద చెల్లెలూ మరిదీ. బస్సు డ్రైవర్ల చొక్కాలు, ఆసుపత్రి కోట్లు, కాపలావాళ్ల దుస్తులు అన్నీ కుడతాం గానీ, నాకు పేరు తెచ్చింది మాత్రం కాలరు. కాలరు మెడ చుట్టూ ముడత లేకుండా, పొద్దున తొడుక్కున్నది సాయంత్రం దాకా అలాగే కూర్చోవాలంటే మా ఊళ్లో నా దగ్గరికి రావలసిందే. గొప్పలు చెప్పుకుంటున్నానంటారా? అవును, గొప్పలే. చేతిలో పనున్న మనిషి ఆ మాత్రం చెప్పుకోకపోతే ఎలా?

నా గడ్డ చాలా ఏళ్ల కిందటి మాట. అప్పుడు ఇంకో దారి ఉందని నాకెవరూ చెప్పలేదు. థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. మెడ మీద అడ్డంగా సన్నటి గీత మిగిలింది. కట్టు విప్పిన రోజు అద్దం ముందు నేను భోరుమంటానని ఇంటిల్లిపాదీ కాచుకుని కూర్చున్నారు. నేనేమో ఆ కుట్టు చూసి ముచ్చటపడ్డాను. ఎక్కడా లాగుడు లేదు, ముడత లేదు. ఆ సర్జనుకు జీతమిచ్చి మా షాపులో పెట్టుకోవాలనిపించింది. అప్పటినుంచి రోజూ లేవగానే ఒక మాత్ర వేసుకుంటాను. గొంతు మాత్రం కొంచెం బొంగురుపోయింది. గట్టిగా పిలవబోతే మధ్యలో చీలిపోతుంది. కత్తెర పట్టుకునేదానికి గొంతుతో ఏం పని అని సరిపెట్టుకున్నాను.

మా చెల్లెలికి ఆ సరిపెట్టుకోవడం కుదరదు. దాని బతుకుతెరువే గొంతు. బస్టాండులో అద్దాల గదిలో కూర్చుని, మైకు ముందు, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది కదలబోతోందో చెబుతుంది. డ్రైవర్లందరూ దాన్ని మైకమ్మ అంటారు. ఒకసారి పై అధికారులు దాన్ని ఇంకో పనికి మార్చి, రికార్డు చేసిన గొంతు పెట్టి చూశారు. ఆ గొంతు తప్పుగా ఏమీ చెప్పలేదు, కానీ జనం చెవిన వేసుకోలేదు. బస్సులు కళ్ల ముందే వెళ్లిపోతుంటే బెంచీల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయారు. నెల తిరక్కుండా మా చెల్లెలిని బతిమాలి వెనక్కి పిలిచారు. దాని గొంతు వింటే మనిషి తనంతట తానే సంచీ తీసుకుని లేచి నిలబడతాడు. ప్రతి వాక్యం చివరి మాటను అది తొందరపడి వదిలెయ్యదు. కాస్త దించి, మెత్తగా కింద పెడుతుంది. ఆ చివరి మాటలోనే ఉంది దాని పనితనమంతా.

దాని గడ్డను మొదట పట్టుకున్నది నేనే. కొత్త యూనిఫారం కొలతకు వచ్చి, చొక్కా తొడుక్కుని, పై బొత్తాం దగ్గర ఆగిపోయింది.

"అక్కా, కాలరు బిగుతుగా కుట్టావే."

"నా కాలరు తప్పు పోదు. ఏదీ, ఇటు తిరుగు. ఒకసారి గుటక వెయ్యి."

గుటక వేసింది. మెడలో కుడివైపున ఒక ఉబ్బు పైకి వెళ్లి కిందికి దిగింది. నేను వెంటనే గుర్తుపట్టాను. అద్దంలో అలాంటి ఉబ్బును నేను చూసుకోని రోజు లేదు కదా మరి, నాది తీసేసేదాకా.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మాకంటే చిన్నదే. మాట మాత్రం నిదానం. ఒకటికి రెండుసార్లు సూదితో కాస్త తీసి పరీక్షకు పంపించి, చివరికి "మంచి గడ్డే" అంది.

"గడ్డల్లో మంచి గడ్డ ఏమిటండీ?" అన్నాను. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం.

"క్యాన్సరు కాదని అర్థమమ్మా. కాకపోతే నిమ్మకాయంత ఉంది, మింగడానికి అడ్డం వస్తోంది. కోసి తీసెయ్యొచ్చు. లేదంటే సన్నటి సూది లోపలికి పంపి, ఆ సూది మొనను వేడి చేసి, గడ్డను కొద్దికొద్దిగా కాల్చొచ్చు. కాలినదంతా నెమ్మదిగా కుంచించుకుపోతుంది. గ్రంథి మిగులుతుంది, రోజూ మాత్ర అక్కర్లేదు. కానీ గడ్డ పూర్తిగా మాయమైపోదు. కొందరికి కొన్నేళ్ల తర్వాత అంచుల దగ్గర మళ్లీ పెరుగుతుంది. అందుకని ఏటా వచ్చి చూపించుకోవాలి."

"గొంతు?" అంది చెల్లెలు. దానికి కావలసింది ఆ ఒక్క ముక్కే.

"గొంతు నరం గ్రంథి వెనకాలే ఉంటుంది. ఏ పద్ధతిలో అయినా దానికి కొంత ప్రమాదం ఉంది. సూదితో తక్కువ. పైగా మీరు మెలకువగానే ఉంటారు. మధ్యమధ్యలో మాట్లాడిస్తూ చేస్తాను. మాటలో తేడా వస్తే ఆపేస్తాను."

చెల్లెలు నా మెడ మీది గీత వైపు చూసింది. నా బొంగురు గొంతు దానికి గుర్తొచ్చిందని నాకు తెలుసు. సూదే కావాలంది.

నేను పెదవి విరిచాను. తీసేదేదో తీసెయ్యకుండా లోపల ఉంచి కాల్చడమేమిటి? చొక్కా భుజం చినిగితే భుజం విప్పి మళ్లీ కుడతాం గానీ ఇస్త్రీ పెట్టి సరిచేస్తామా? ఈ మాట దానితో అన్నాను, మరిదితో అన్నాను, ఏటా ఒకసారి మమ్మల్ని చూడడానికి వచ్చే మా పిన్నితో అన్నాను. మా పిన్నికి ఒక్క మాట చెబితే చాలు, మన తరఫున చుట్టాలందరికీ ఆవిడే పంచిపెడుతుంది.

మొదటిసారి చేసినప్పుడు నేను తలుపు బయట కూర్చున్నాను. లోపలినుంచి డాక్టరమ్మ "ఏదైనా మాట్లాడండి" అనడం, దానికి మా చెల్లెలు "ప్రయాణికులకు మనవి, మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది" అనడం వినిపించాయి. నా పక్కన కునుకుతున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచి సంచీ వెతుక్కున్నాడు. ఆ కంగారులోనూ నాకు నవ్వొచ్చింది. సాయంత్రానికి చెల్లెలు తన కాళ్ల మీద తను నడుచుకుంటూ ఇంటికొచ్చింది. మెడ మీద చిన్న పట్టీ తప్ప ఏమీ లేదు.

"గడ్డ ఎక్కడ?" అన్నాను.

"లోపలే ఉందక్కా. ఎండిపోతుంది."

"లోపలే ఉంటే ఏం చేసినట్టు? సగం పని!"

ఆ రోజన్న "సగం పని" మాటను ఆరేళ్లు వదల్లేదు నేను. ఏడాది తిరిగేసరికి నిమ్మకాయంత గడ్డ ద్రాక్షపండంత అయింది. పై బొత్తాం హాయిగా పట్టింది. రక్తపరీక్షలో అన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి, మాత్ర ఊసే లేదు. నేను పొద్దున్నే మాత్ర మింగుతుంటే అది మేడ మెట్లు దిగుతూ, "మనవి, మాత్రల బస్సు బయలుదేరుతోంది" అని వెక్కిరించేది. నేను ఊరుకునేదాన్నా? నాది తీసేశారు, ఇక తిరిగి రాదు, నీది చూసుకో అనేదాన్ని.

చూసుకునే పని కూడా నేనే నెత్తినేసుకున్నాను. డాక్టరమ్మ ఏడాదికోసారి చూస్తే, నేను నెలకోసారి టేపు పట్టుకుని దాని మెడ కొలిచేదాన్ని. నా టేపు మీద నాకున్న నమ్మకం నా మొగుడి మీద కూడా లేదు. నాలుగో ఏడు టేపు ఎక్కువ చూపించింది. మళ్లీ కొలిచాను. కాలరు ఒక సైజు పెరిగింది. ఇంకేముంది, గడ్డ తిరగబెట్టింది! దాన్ని పనిలోంచి లాక్కుని, దారి పొడుగునా "నేను చెప్పలేదూ" అంటూ, ఆసుపత్రికి పరిగెత్తించాను.

డాక్టరమ్మ చెల్లెలి మెడ మీద చల్లటి జెల్ రాసి, స్కాన్ యంత్రం పెట్టి, తెర మీద చాలాసేపు చూసింది. గడ్డ అంతకుముందు ఏడాది కంటే ఇంకా కాస్త తగ్గింది.

"మరి టేపు?" అన్నాను.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ, "మీ చెల్లెలు ఈమధ్య ఒళ్లు చేశారమ్మా" అంది.

నిజమే. మింగడం సుఖమయ్యాక అది తిండి బాగా తింటోంది. మెడ ఒక్కటే కాదు, అన్ని కొలతలూ పెరిగాయి. వేరే మనిషైతే నేను కళ్లతోనే కనిపెట్టేదాన్ని. సొంత చెల్లెలు కాబట్టి మెడ తప్ప ఇంకేమీ చూడలేదు. తిరిగొచ్చే దారంతా అది బస్సులో నవ్వుతూనే ఉంది. మా మరిదే ఆ బస్సు నడుపుతున్నాడు, ఆయన కూడా నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆరో ఏడు నా టేపు ఏ తేడా చూపించలేదు. నేను నిశ్చింతగా ఉన్నాను. స్కాన్ తెర ముందు డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. గడ్డ లోపలి అంచున కొత్తగా పెరుగుదల కనిపించింది. శ్వాసనాళం పక్కన, సరిగ్గా గొంతు నరం పోయే వైపు. బయటినుంచి కొలిస్తే తెలిసే చోటు కాదు.

"ఇప్పుడే చిన్నగా ఉండగా ఇంకోసారి సూదితో కాల్చడం మంచిది," అంది. "వదిలేస్తే పెరిగే తీరు చూస్తే రెండు మూడేళ్లలో కోత తప్పకపోవచ్చు. కానీ ఈసారి మొదటిసారంత తేలిక కాదు. అప్పుడు గడ్డ నడుమ పని చేశాను. ఇప్పుడు నరం పక్కనే చెయ్యాలి."

ఎక్కువ కాలిస్తే గొంతు పోతుంది. తక్కువ కాలిస్తే గడ్డ పెరిగి కత్తి దాకా వస్తుంది, అప్పుడూ గొంతు మీదికే. "నేను చెప్పలేదూ" అనే హక్కు నాకు అప్పుడే మొదటిసారి నిజంగా వచ్చింది. ఆ మాట నా నోటి దాకా రాలేదు. చెల్లెలి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

"ఇలాంటి చోట పని చేసేటప్పుడు నాకు ఒక అలవాటుంది," అంది డాక్టరమ్మ. "నా కళ్లు తెర మీద ఉంటాయి, చెయ్యి సూది మీద ఉంటుంది. గొంతులో వచ్చే తేడా మొదట చాలా చిన్నగా ఉంటుంది. పేషెంటు గొంతు బాగా తెలిసిన మనిషిని ఒకరిని లోపల కూర్చోబెట్టుకుంటాను. కాల్చడం ఆపిన ప్రతిసారీ పేషెంటు ఒక వాక్యం చెబుతారు. తేడా అనిపిస్తే ఆ మనిషి చెయ్యెత్తాలి. ఎందుకని నేనడగను, ఆపేస్తాను. మీ ఆయన్ని రమ్మంటారా?"

మాతో వచ్చిన మా మరిది చేతులు జోడించాడు. "ఇంజను పక్కన కూర్చుని కూర్చుని నా చెవులు పోయాయండీ. ఇంట్లో ఆవిడ ఏం చెప్పినా నాకు వినబడదని ఆవిడే అంటుంది."

అందరూ నా వైపు చూశారు.

"అక్కా?" అంది చెల్లెలు. "అక్క అయితే నేను నోరు తెరవకముందే చెయ్యెత్తేస్తుంది. తనకు ఈ సూదంటేనే పడదు."

ఆ రోజు ఇంటికొచ్చాక మెట్ల దగ్గర నన్ను నిలబెట్టింది. "చూడక్కా, నువ్వు భయపడి ఆపించేస్తే ఆ గడ్డ మిగిలిపోతుంది, మళ్లీ పెరుగుతుంది. తేడా వస్తేనే ఎత్తు. నీ భయానికి ఎత్తావంటే మాత్రం నీతో జన్మలో మాట్లాడను."

"తేడా వచ్చినా ఎత్తకపోతే అసలు ఎవరితోనూ మాట్లాడలేవు," అన్నాను. ఇద్దరం నవ్వబోయాం గానీ నవ్వు రాలేదు.

ఆ గది చిన్నది. మధ్యలో బల్ల, బల్ల పక్కన తెర, గోడవారగా నాకొక స్టూలు. నాకు ఆసుపత్రి కోటు తొడిగారు. అది మా షాపులో కుట్టిందే, కాలరు చూడగానే గుర్తుపట్టాను. చెల్లెలి తల కింద దిండు తీసి మెడ కింద పెట్టారు. మత్తు ఇంజెక్షను మెడ వరకే ఇచ్చారు. డాక్టరమ్మ సూది లోపలికి పంపి, కాలి కింద మీట నొక్కింది. తెర మీద నల్లటి గడ్డలో తెల్లటి బుడగలు లేచాయి. మీట వదిలింది.

"చెప్పండి."

"ప్రయాణికులకు మనవి. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది."

బాగుంది. నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. మళ్లీ మీట, మళ్లీ బుడగలు, మళ్లీ వాక్యం. ప్లాట్‌ఫారాలు ఒక్కొక్కటే పెరుగుతున్నాయి. కొన్ని వాక్యాలు గడిచాక అది కళ్లు మూసుకునే, "ప్రయాణికులకు మనవి. మా అక్కగారు ఊపిరి పీల్చుకోవలసిందిగా కోరడమైనది" అంది. నర్సు కిసుక్కున నవ్వింది. నేను నిజంగానే ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను, వదిలాను. చివరి మాటను ఎప్పటిలాగే మెత్తగా కింద పెట్టింది. అంతా బాగుంది.

సూది నెమ్మదిగా లోపలి అంచుకు చేరింది. తెర మీద ఇంకా కాలని నల్లటి మూల ఒక్కటే మిగిలింది. ఆ మూల అవతలే నరం ఉందని ముందే చూపించింది. మీట వదిలింది.

"చెప్పండి."

"ప్రయాణికులకు మనవి. ఐదో నంబరు ప్లాట్‌ఫారం మీద బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది."

మాటలన్నీ స్పష్టంగానే ఉన్నాయి. నర్సు తల ఊపింది. కానీ ఆ చివరి "ఉంది" కింద పెట్టినట్టు లేదు. చేతిలోంచి జారినట్టుంది. దానిలో కాస్త గాలి కలిసింది.

నాకు అనిపించిందా, నిజంగా వినిపించిందా? ఒక్క మూల మిగిలింది. ఇప్పుడు ఆపితే ఆరేళ్లుగా నేనన్న మాటే నిజమవుతుంది, సగం పనే అవుతుంది. చెల్లెలు నన్ను జన్మలో క్షమించదు. డాక్టరమ్మ కాలు మళ్లీ మీట మీదికి వెళ్తోంది. గుడ్డ మీద కత్తెర పెట్టేటప్పుడు అనుమానముంటే నేను కొయ్యను. అనుమానం ఎందుకొచ్చిందో తర్వాత చూసుకుంటాను. కోశాక అతికించలేం కదా.

చెయ్యెత్తాను.

డాక్టరమ్మ అన్న మాట ప్రకారం ఎందుకని అడగలేదు. కాలు తీసేసింది. "చల్లటి గ్లూకోజు ఇవ్వండి" అని నర్సుతో అంది. సూది గుండా ఆ చల్లటి నీరు నరం చుట్టూ ఎక్కిస్తుంటే మా చెల్లెలు కళ్లు తెరిచి నన్ను చూసింది. ఆ చూపులో మంటలున్నాయి.

"నాకేం కాలేదు! అక్కకు భయమేసి ఎత్తింది. డాక్టరుగారూ, ఆ కాస్తా కానిచ్చెయ్యండి, నాకు..."

ఆ "నాకు" దగ్గర గొంతు చీలిపోయింది. తర్వాతి మాట ఊపిరి తప్ప ఇంకేమీ కాలేదు. గదిలో అందరం విన్నాం. అందరికంటే ముందు అదే విన్నది. దాని కళ్లలోని కోపం అలాగే భయంగా మారిపోయింది. నేను స్టూలు మీంచి లేచి దాని పాదాలు పట్టుకున్నాను, చేతికి అందినవి అవే మరి.

"నరం వేడెక్కింది. కాలలేదు, వేడెక్కింది అంతే," అంది డాక్టరమ్మ చల్లటి నీరు ఎక్కిస్తూనే. "ఇంకొక్కసారి మీట నొక్కి ఉంటే చెప్పలేకపోయేదాన్ని. ఆ మూల వదిలేస్తున్నాను."

తర్వాత గొంతులోకి సన్నటి కెమెరా పెట్టి చూశారు. ఒకవైపు స్వరతంత్రి బద్ధకంగా కదులుతోంది. కదులుతోంది కాబట్టి తిరిగి వస్తుందని, కొన్ని వారాలు పట్టొచ్చని, ఈలోపు అరవకూడదని చెప్పారు.

ఆ వారాలు ఎలా గడిచాయో మా ఇంటి గోడలకే తెలుసు. బస్టాండులో మళ్లీ ఆ రికార్డు గొంతు పెట్టారు. డ్రైవర్లు చొక్కాల కోసం వచ్చినట్టు వచ్చి, మైకమ్మ ఎలా ఉందని అడిగి వెళ్లేవాళ్లు. అది మేడ దిగేది కాదు. ఒక మధ్యాహ్నం నేనే పైకి వెళ్లి పక్కన కూర్చున్నాను. అది గుసగుసగా, "గెలిచావు కదక్కా. సగం పని అన్నావు. సగమే అయింది" అంది.

"గెలవడానికి ఎత్తానా నేను?" అన్నాను. "నా గొంతు ఇలా అయిందని నేనెప్పుడైనా బాధపడ్డానా? నీ గొంతు పోతే మాత్రం నేను ఓర్చుకోలేను. ఊరంతా నీ గొంతు వింటుంటే కాలరెత్తుకుని తిరిగేదాన్ని. నాకున్న గొంతు కూడా అదే కదే."

గుసగుసలో పోట్లాడడం దానికి చేతకాదు. నా భుజం మీద తల పెట్టుకుని పడుకుంది. దాని తల బరువుకు భుజం తిమ్మిరెక్కినా నేను కదల్లేదు.

ఒకరోజు పొద్దున నేను మిషను మీద కాలరు కుడుతుంటే, మేడ మీదినుంచి ఒక గొంతు దిగింది. "తడి తువ్వాలు మంచం మీద వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు!" ఎక్కడా చీలిక లేదు, గాలి లేదు. చివరి "మీకు" మెత్తగా, నిండుగా వచ్చి కింద పడింది. నా ప్రాణం లేచొచ్చింది. మెట్ల మీద మా మరిది, చెవులు పోయాయన్న మనిషి, ఒంటి మీద సబ్బు నురగతో పరిగెత్తుకుంటూ దిగాడు. "వదినా, విన్నావా? తిట్టింది! నన్ను తిట్టింది!" అని చిన్నపిల్లాడిలా గంతులేశాడు.

అది మళ్లీ మైకు ముందు కూర్చుంది. ఆ మూల సంగతి మాత్రం నన్ను పీకుతూనే ఉంది. మరుసటి ఏడు స్కాన్ తీసేటప్పుడు నేను తెర వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. డాక్టరమ్మ చాలాసేపు కొలిచింది. కాల్చినదంతా ఎండి ముడుచుకుపోయింది. మిగిల్చిన మూల మిగిల్చినట్టే ఉంది, వెంట్రుకవాసి కూడా పెరగలేదు. ఇలాగే ఉంటుందని మాటివ్వలేనని, ఏటా చూద్దామని అంది. ఆ పై ఏడూ అంతే. రక్తపరీక్ష బాగుంది, మాత్ర లేదు, కోత మాట లేదు.

"అంత చిన్న తేడా మీకెలా తెలిసిందమ్మా?" అని డాక్టరమ్మ నన్ను అడిగింది.

"నా చెల్లెలు కదండీ," అన్నాను.

ఈమధ్య మా పిన్ని వచ్చింది. వారం ఉండి వెళ్తుంటే బస్సెక్కించడానికి నేను కూడా వెళ్లాను. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాం. చుట్టూ జనం, సంచీలు, పాలకేడ్చే పిల్లలు, టీ గ్లాసుల చప్పుడు. మా పిన్ని ఇటూ అటూ చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"అయితే మీ చెల్లెలికి పూర్తిగా కాల్చలేదటగా? కాస్త లోపలే మిగిల్చేశారట. నువ్వన్నట్టే అయింది చూడు. ఎంత డబ్బు పోసినా చివరికి సగం పనే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మాట నాదే, నేనే నేర్పించాను ఆవిడకు. అయినా ఇంకొకరి నోట వినేసరికి ఒళ్లు మండిపోయింది.

"సగం పనేమిటి పిన్నీ?" అన్నాను. గట్టిగానే అన్నాను. గొంతు మధ్యలో చీలింది, చీలితే చీలనీ. పక్క బెంచీ వాళ్లు తల తిప్పారు. "డాక్టరు మర్చిపోయి వదిలేసిందనుకున్నావా? చేతకాక వదిలేసిందనుకున్నావా? ఆ మూల మిగిల్చింది నేను. ఈ చెయ్యెత్తి నేనే మిగిల్చాను."

మా పిన్ని నోరు తెరిచి, ఏదో అనబోయింది. అంతలో తల మీది స్పీకరు గరగరలాడి, తేటపడింది.

"ప్రయాణికులకు మనవి..."

బెంచీల మీది జనం మాట్లాడుకోవడం ఆపేశారు. మా పిన్ని కూడా ఆపేసింది. వాక్యం పూర్తయ్యేసరికి అందరూ సంచీలు పట్టుకుని లేచి నిలబడ్డారు, మా పిన్నితో సహా.

"అదిగో," అన్నాను. "మేము మిగిల్చుకున్నది అది."